ఎమ్మెల్యే అభ్యర్థుల పోలిక పట్టిక ఒక్క కాగితంలో ఇమడాలంటే ఏ గడులు ఉంచాలి?

పాఠకమిత్ర:
అందరికీ నమస్కారం. మా కాలనీ గ్రంథాలయం తరఫున వచ్చే అసెంబ్లీ ఎన్నికలకు ఒక పని తలపెట్టాం. మా నియోజకవర్గంలో పోటీలో ఉన్నవాళ్ల వివరాలు, వాళ్ల పార్టీల హామీలు ఒకే ఏ4 కాగితం మీద రెండు వైపులా వేసి ఇంటింటికీ ఇవ్వాలని. ఎవరికి వేయమనీ చెప్పం, ఎవరికి వద్దనీ చెప్పం. కసరత్తుగా 2024 ఆంధ్రప్రదేశ్ ఎన్నికల అఫిడవిట్లు (అభ్యర్థులు తమ ఆస్తులు, కేసుల గురించి ప్రమాణం చేసి ఇచ్చే పత్రాలు) కొన్ని దించుకుని చూశాం. ఒక్కోటి పాతిక పేజీలు, అడ్డదిడ్డంగా స్కాన్ చేసినవి, కొన్ని చేతిరాతవి. ఆస్తికి ఒక అంకె, కేసులకు ఒక అంకె వేసి వదిలేయొచ్చా? మేనిఫెస్టోలో వందల హామీలుంటే వేటిని తీసుకోవాలి? అచ్చువేసి పంచడానికి అనుమతి కావాలా? అసలు ఇదంతా చేయడానికి చేతిలో ఎన్ని రోజులుంటాయి?

లెక్కల మాస్టారు:
ముందు రోజుల సంగతి. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో నోటిఫికేషన్ ఏప్రిల్ 18న వచ్చింది. నామినేషన్లకు ఆఖరు 25, పరిశీలన 26, ఉపసంహరణకు ఆఖరు 29, పోలింగ్ మే 13. అంటే తుది జాబితా వచ్చాక మిగిలింది 14 రోజులు. చట్టం ప్రకారం ఉండాల్సిన కనీస గడువు కూడా అంతే. చివరి 48 గంటలు తీసేస్తే 12. అందుకని ఉపసంహరణ అయ్యేదాకా ఆగకండి. అఫిడవిట్లు 24 గంటల్లో ఎన్నికల సంఘం పోర్టల్‌లోకి ఎక్కాలి, కాబట్టి నామినేషన్ పడ్డవాళ్లవి పడ్డట్టే చదివేయండి. తర్వాత తప్పుకున్నవాళ్ల వరస కొట్టేస్తే సరి. ఒకే మనిషి రెండు మూడు సెట్లు వేస్తాడు, డమ్మీగా భార్యతోనో కొడుకుతోనో ఇంకో నామినేషన్ వేయిస్తాడు. పేరు ఒక్కటే చూసి కలిపేయకుండా తండ్రి పేరు, వయసు, ఓటరు జాబితాలో భాగం నంబరు, వరస నంబరు సరిచూడండి.

ఇక ఆస్తి. అఫిడవిట్ అంటే ఫారం 26. దీని చివర పార్ట్ బి అని సంగ్రహం ఉంటుంది. అందరూ తొందరలో అక్కడి మొత్తాన్ని ఎత్తి రాసేస్తారు, పట్టికలు తప్పుదారి పట్టేది అక్కడే. పార్ట్ ఎ లోని 7వ అంశం చదవాలి. అభ్యర్థికి, జీవిత భాగస్వామికి, ఉమ్మడి కుటుంబానికి, ఆధారపడినవాళ్లకు విడివిడి గడులుంటాయి. ఒక అభ్యర్థి గడిలో 40 లక్షలే ఉండి భార్య గడిలో 12 కోట్లు ఉండొచ్చు. ఒకరికి సొంత అంకె, ఇంకొకరికి కుటుంబం మొత్తం వేశారంటే అది పోలిక కాదు. అందరికీ కుటుంబం మొత్తమే వేయండి, అప్పులు (8వ అంశం) పక్క గడిలో పెట్టండి. తీసేసి నికర ఆస్తి అంటూ ఒక్క అంకె వేయొద్దు. 30 కోట్ల ఆస్తికి 28 కోట్ల అప్పున్నవాడూ, రెండు కోట్ల ఆస్తికి రూపాయి అప్పు లేనివాడూ ఒకటే అయిపోతారు.

స్థిరాస్తికి సర్వే నంబరు, విస్తీర్ణం, వారసత్వమా కాదా, కొన్న తేదీ, కొన్నప్పటి ధర, ఇప్పటి మార్కెట్ విలువ రాయాలి. అసలు సమాచారమంతా ఇందులోనే ఉంది. అంతకుముందు ఎన్నికల్లో అదే అభ్యర్థి ఇచ్చిన అఫిడవిట్‌ను పక్కన పెట్టుకుని సర్వే నంబర్ల వారీగా కలపండి. ఉదాహరణకు: 3 ఎకరాల 20 గుంటలు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. అప్పుడు విలువ 70 లక్షలు, ఇప్పుడు 2 కోట్ల 10 లక్షలు. ఇది భూమి ధర పెరగడం, అతను కొత్తగా వెనకేసిందేం లేదు. అదే 2022లో 60 లక్షలకు కొన్న 1,200 గజాల స్థలం కొత్తగా కనిపించిందనుకోండి. అప్పుడు 4వ అంశానికి వెళ్లాలి. అక్కడ అయిదేళ్ల ఆదాయ పన్ను రిటర్నుల అంకెలుంటాయి, జీవిత భాగస్వామివి కూడా. వాటిలోనూ, అప్పుల్లోనూ ఆ 60 లక్షలకు దారి కనిపిస్తుందా అన్నది చూడాలి. కనిపించకపోతే "అక్రమం" అని రాయకండి. పాత ఆస్తి అమ్మి కొని ఉండొచ్చు, వ్యవసాయ ఆదాయం ఉండొచ్చు. "కొత్తగా కొన్నవి" అని ఒక గడి, "అయిదేళ్ల ప్రకటిత ఆదాయం" అని పక్కనే ఇంకో గడి పెడితే చాలు. చదివేవాడే కలుపుకుంటాడు.

కొలతల దగ్గర జాగ్రత్త. తెలంగాణలో గుంటలు, ఆంధ్రలో సెంట్లు, ఊళ్లో గజాలు. ఎకరం అంటే 40 గుంటలు, 100 సెంట్లు, 4,840 చదరపు గజాలు. గుంట 121 గజాలు, సెంటు 48.4. అన్నీ ఒకే కొలతలోకి మార్చి రాయండి. అభ్యర్థుల అఫిడవిట్ల వివరాలను ఒకచోట చేర్చే మైనేతా లాంటి సైట్లు వెతకడానికి బాగుంటాయి కానీ అచ్చుకి పంపే ముందు ప్రతి అంకెనూ స్కాన్ కాపీతో సరిచూడండి. చేతిరాతలో కామా జారితే లక్ష కోటి అవుతుంది. ఒకరు చదవాలి, ఇంకొకరు పట్టికలో టిక్ పెట్టాలి. ఒక్కరే రెండు పనులూ చేస్తే తప్పు దొరకదు.

గడి ఖాళీగా వదలకూడదని 2013లోనే సుప్రీంకోర్టు చెప్పింది. "లేదు" అనో "వర్తించదు" అనో రాసి తీరాలి. అయితే అందులో రాసింది నిజమా కాదా అన్నది రిటర్నింగ్ అధికారి విచారించరు. తప్పుడు అఫిడవిట్‌కు శిక్ష ప్రజాప్రాతినిధ్య చట్టం 125-ఎ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలో, జరిమానానో, రెండూనో. అది తర్వాత కోర్టులో తేలాల్సిన సంగతి. మీ కాగితం పైన "అభ్యర్థులు ప్రమాణపూర్వకంగా తామే ప్రకటించుకున్న వివరాలు" అని ఒక వాక్యం తప్పకుండా వేయండి.

కోర్టు మెట్లు:
మాస్టారు గారు ఆస్తికి చెప్పిందే కేసులకూ. లెక్క ఒక్కటే వేస్తే అన్యాయం జరుగుతుంది, అదీ రెండు వైపులా.

ప్రతిపక్షంలో అయిదేళ్లు ధర్నాలు చేసినవాడి మీద పాతిక కేసులుండొచ్చు. అన్నీ పాత ఐపీసీ (భారత శిక్షాస్మృతి) 188 (అధికారి ఉత్తర్వు ధిక్కరణ), 341 (దారికి అడ్డుపడటం), 143 (చట్టవిరుద్ధ సమూహం). పక్కవాడి మీద ఒక్కటే కేసు, అది 307, హత్యాయత్నం. "25 – 1" అని వేస్తే ఎవరు ప్రమాదకరంగా కనిపిస్తారో మీకే తెలుసు. అందుకని మూడు గడులు చేయండి: ఒకటి నిరసనలు, ఆందోళనల కేసులు; రెండు మనుషుల మీద హింస, లైంగిక నేరాలు; మూడు మోసం, అవినీతి, నిధుల దుర్వినియోగం. ఒక్కో గడిలో ఎన్ని కేసులో, వాటిలో ఎన్నింటిలో కోర్టు అభియోగాలు నమోదు చేసిందో రాయండి. ఎఫ్ఐఆర్ దగ్గరే ఆగిన కేసూ, అభియోగాలు నమోదైన కేసూ ఒకటి కాదు. ఫారంలో 5వ అంశం పెండింగ్ కేసులు, 6వ అంశం శిక్ష పడినవి. ఈ రెండింటినీ ఎప్పుడూ కలపొద్దు.

ఇప్పుడు ఇంకో చిక్కు. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది, నంబర్లు మారాయి. పాత 302 (హత్య) ఇప్పుడు 103. 307 ఇప్పుడు 109. 376 (అత్యాచారం) ఇప్పుడు 64. 188 ఇప్పుడు 223. 420 (మోసం) అనే మాట జనం నోట్లో ఉంటుంది గానీ కొత్త కేసుల్లో అది 318(4). ఒకే అఫిడవిట్‌లో పాతవీ కొత్తవీ కలిసే ఉంటాయి. సెక్షన్ నంబరు అచ్చువేయకండి, నేరం పేరు తెలుగులో వేయండి.

కేసు ఇప్పుడు ఏ దశలో ఉందో ఈ-కోర్ట్స్ సైట్లో చూడొచ్చు. అఫిడవిట్‌లో కోర్టు పేరు, కేసు నంబరు ఉంటాయి. ఒక్కో కేసుకు విడిగా ఇచ్చే 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు ఉంటే ఇంకా తేలిక. మరో అభ్యర్థి గానీ ఓటరు గానీ వేసిన కౌంటర్ అఫిడవిట్ ఉంటే అదీ పోర్టల్‌లోనే కనిపిస్తుంది. అది ఆరోపణ, రుజువు కాదు. "కౌంటర్ అఫిడవిట్ దాఖలైంది" అన్నంతవరకే రాయండి.

పాఠకమిత్ర:
నేర చరిత్ర ఉన్నవాళ్లు పేపర్లో ప్రకటన ఇవ్వాలి కదా, అది చూసి రాస్తే పని తగ్గదా?

కోర్టు మెట్లు:
సరిచూసుకోవడానికి పనికొస్తుంది, దాన్నే ఆధారం చేసుకోవద్దు. 2018 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత పేపర్లో, టీవీలో మూడుసార్లు ప్రకటించాలి: ఉపసంహరణ గడువు దాటాక మొదటి నాలుగు రోజుల్లో ఒకటి, 5–8 రోజుల మధ్య ఒకటి, 9వ రోజు నుంచి ప్రచారం ముగిసేలోగా ఒకటి. మూడోదాని కోసం ఆగితే మీ కాగితం అచ్చవదు. మీకు అంతకంటే పనికొచ్చేది పార్టీ ఇచ్చే ప్రకటన. కేసులున్న మనిషికే టికెట్ ఎందుకిచ్చారో, కేసులు లేనివాళ్లు ఎందుకు దొరకలేదో పార్టీ కారణం చెప్పాలని 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. గెలుపు అవకాశం ఒక్కటే కారణంగా చూపకూడదని కూడా చెప్పింది. ఆ కారణాన్ని పార్టీ మాటల్లోనే, కొటేషన్‌లో, ఒక్క వాక్యం ఎత్తి రాయండి. చాలాసార్లు "ప్రజాసేవలో ఉన్నారు" అని మొక్కుబడిగా ఉంటుంది. అదీ ఓటరు చూడాల్సిందే.

బడ్జెట్ పద్దు:
హామీల విషయానికొస్తాను. వందలో అయిదో ఆరో తీయండి, అంతకుమించి కాగితం మోయదు. వడపోత ఇలా: అది రాష్ట్ర ప్రభుత్వం చేతిలోని పనా? అంకె గానీ తేదీ గానీ ఉందా? మిగతా పార్టీలు దాని మీద వేరే మాట చెప్పాయా? "రైతును రాజును చేస్తాం" మూడింటిలోనూ పోతుంది. రైల్వే ఓవర్ బ్రిడ్జి లాంటిది రాష్ట్రం ఒక్కటే తేల్చేది కాదు, రైల్వే కూడా కలిసిరావాలి. ఆ సంగతి పక్కన రాయాలి. వీధి కాలువ మున్సిపాలిటీ పని, దాన్ని ఎమ్మెల్యే అభ్యర్థి హామీగా లెక్కేయకండి.

అంకె ఉన్న హామీని ఎలా విప్పాలో 2024 పింఛన్‌తో చూపిస్తాను. అప్పటికి నెలకు 3,000. తెలుగుదేశం కూటమి 4,000 ఇస్తామంది, అదీ ఏప్రిల్ నుంచే లెక్కగట్టి. వైఎస్సార్‌సీపీ 3,500 చేస్తామంది, 2028 జనవరిలో 250, 2029 జనవరిలో 250 చొప్పున. పట్టికలో "4,000 – 3,500" అని వేస్తే తేడా 500గా కనిపిస్తుంది. ఇప్పుడు 2024 జూన్ నుంచి 2029 మే దాకా 60 నెలలు వేసి చూడండి. మొదటిదాంట్లో ఒక్కో మనిషికి అదనంగా 60,000 (ఏప్రిల్, మే బకాయి కాక). రెండోదాంట్లో 2028లో 12 నెలలకు 3,000, 2029లో అయిదు నెలలకు 2,500, మొత్తం 5,500. ఖజానా వైపు నుంచి చూస్తే, పింఛన్‌దారులు సుమారు 65 లక్షలు, అందరూ ఒకే తరగతి అనుకుంటే, అయిదేళ్లకు మొదటిది 39,000 కోట్లు, రెండోది 3,575 కోట్లు. ఇందులో ఏది మంచిదో మీ కాగితం చెప్పకూడదు. ఎక్కువ అందుతుంది, ఎక్కువ ఖర్చవుతుంది, రెండు గడులూ పక్కపక్కనే ఉండాలి. ఎప్పటినుంచి, ఎంతమందికి, ఏడాదికి ఎంత – ప్రతి హామీకీ ఈ మూడూ అడగండి. మేనిఫెస్టోలో లేకపోతే "చెప్పలేదు" అని రాయండి. హామీలకు నిధులు ఎలా తెస్తారో స్థూలంగానైనా చెప్పాలని ఎన్నికల ప్రవర్తనా నియమావళిలోనే ఉంది.

మేనిఫెస్టోలు ఆలస్యంగా వస్తాయి. 2024లో వైఎస్సార్‌సీపీది ఏప్రిల్ 27న, తెలుగుదేశం కూటమిది 30న వచ్చాయి. ఆ వరసలు ఖాళీగా ఉంచి మిగతా కాగితం ముందే సిద్ధం చేసుకోండి.

అధికారంలో ఉన్న పార్టీ పాత హామీల మీద ఖర్చు చూడాలంటే బడ్జెట్ అంచనా చూడొద్దు. బడ్జెట్ పుస్తకంలో రెండేళ్ల కిందటి వాస్తవ ఖర్చు అని ఒక వరస ఉంటుంది, అది తీసుకోండి. అంచనాలో 2,000 కోట్లు చూపించి చివరికి సగం కూడా ఖర్చు చేయని పద్దులుంటాయి.

జర్మనీలో 2002 నుంచి వాల్-ఓ-మాట్ అని ఒకటి నడుస్తోంది. సుమారు 38 వాక్యాలిచ్చి ఒప్పుకుంటారా, ఒప్పుకోరా, తటస్థమా అని పార్టీలనే అడుగుతారు, తర్వాత ఓటరు తన జవాబులతో పోల్చుకుంటాడు. మీరూ అభ్యర్థులకు పది ప్రశ్నలు పంపొచ్చు. ఒక వాక్యంలో ఒకే సంగతి ఉండాలి. "కొత్త బస్టాండ్ కట్టి పాతదాన్ని మార్కెట్ చేయాలి" అంటే మొదటిదానికి అవునని, రెండోదానికి కాదని చెప్పేవాడు ఏం రాయాలి? అందరికీ ఒకే రోజు పంపండి, ఒకే గడువు, జవాబుకు 30 పదాల హద్దు. ఇవ్వనివాళ్లకు "జవాబు ఇవ్వలేదు". 2019లో ఆ వాల్-ఓ-మాట్‌నే కొలోన్ కోర్టు ఆపించింది. ఒకేసారి ఎనిమిది పార్టీలనే పోల్చనిస్తోంది, చిన్న పార్టీలకు నష్టమని. తర్వాత దాన్ని సరిచేశారు. మీరూ "ప్రధాన అభ్యర్థులు" అని ముగ్గురిని ఏరుకుంటే అదే తప్పు అవుతుంది.

అచ్చాఫీసు:
అచ్చు గురించి. ప్రజాప్రాతినిధ్య చట్టం 127-ఎ సెక్షన్ ప్రకారం ఎన్నికల కరపత్రం మీద ముద్రించినవారి పేరు చిరునామా, ప్రచురించినవారి పేరు చిరునామా ఉండాలి. ప్రచురించేవారు సంతకం చేసి, తమను ఎరిగిన ఇద్దరితో ధ్రువీకరింపజేసిన డిక్లరేషన్ రెండు ప్రతులు ప్రెస్సుకు ఇవ్వాలి. వాటిలో ఒక ప్రతినీ, కరపత్రాన్నీ ప్రెస్సువాళ్లు జిల్లా మేజిస్ట్రేట్‌కు (రాష్ట్ర రాజధానిలో అచ్చువేస్తే ముఖ్య ఎన్నికల అధికారికి) పంపుతారు. జిరాక్స్ తీస్తే ఇది వర్తించదని కొందరనుకుంటారు. చేతిరాత తప్ప ఏ పద్ధతిలో ప్రతులు తీసినా చట్టం దృష్టిలో అచ్చే. తప్పితే ఆరు నెలల వరకు జైలు, 2,000 వరకు జరిమానా, లేదా రెండూ. ఒక అభ్యర్థికి మేలో కీడో చేసేదానికే ఈ సెక్షన్, మీది తటస్థం అని వాదించొచ్చు. వాదించే అవసరం రాకుండా పేర్లు వేసేయడం మేలు. ఖర్చు గ్రంథాలయం డబ్బుతోనే పెట్టండి, ఏ అభ్యర్థి నుంచీ చందా తీసుకోవద్దు, రసీదులు దాచండి. పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటల్లో పంచొద్దు, వాట్సాప్‌లోనూ తిప్పొద్దు.

వరస ఎలా పెట్టాలన్నదానికి గొడవలవుతాయి. ఎన్నికల సంఘం ఇచ్చే తుది జాబితా వరసే పెట్టండి: గుర్తింపు పొందిన పార్టీలు, రిజిస్టరైన పార్టీలు, స్వతంత్రులు, ఒక్కో వర్గంలో అక్షర క్రమం. ఈవీఎం మీదా అదే వరస ఉంటుంది, ఓటరుకూ సుళువు.

పాఠకమిత్ర:
చాలా ఉపయోగం అండీ. ఒక్క సందేహం మిగిలింది, 15 మంది పోటీలో ఉంటే ఏ4 సరిపోదుగా?

అచ్చాఫీసు:
ఏ3 తీసుకుని మధ్యకు మడవండి, నాలుగు పుటలొస్తాయి. అక్షరం 10 పాయింట్లకు తగ్గొద్దు, తెలుగు ఒత్తులు కలిసిపోతాయి. నలుపు తెలుపులోనే వేయండి. పసుపు, నీలం, గులాబీ, కాషాయం ఏది వాడినా ఎవరిదో ఒకరి జెండా అయిపోతుంది.