నిద్ర కోసం పెట్టుకున్న నాక్టర్న్ నాలుగో నిమిషంలో లేపేసింది. దీన్ని ఎలా వినాలి?

కొత్తచెవి
నిద్ర పట్టడం లేదని రాత్రి ఒక స్లీప్ ప్లేలిస్టు పెట్టుకున్నాను. అందులో పియానో స్వరకర్త షోపాన్ సి మైనర్ నాక్టర్న్ ఉంది, ఓపస్ (రచన సంఖ్య) 48 నంబర్ 1. మొదట్లో ఎవరో వరండాలో ఒంటరిగా పచార్లు చేస్తున్నట్టు ఉంది. కన్ను మూతపడింది. నాలుగో నిమిషంలో అటక మీంచి ఇత్తడి బిందెలు దొర్లినట్టయి లేచి కూర్చున్నాను. మా ఆవిడా లేచింది, తర్వాతి సంగతి చెప్పక్కర్లేదు. నాక్టర్న్ అంటే రాత్రి పాట అంటారు కదా? ఆఫీసులో ఒకాయన్ని అడిగితే "స్ట్రక్చర్ తెలియకుండా వింటే అంతే" అన్నాడు. నిజంగా చదువుకుని వినాలా? నాకు సంగీతంలో ఓనమాలు రావు.

పాసింజర్
ప్లేలిస్టు చేసినవాడు కూడా మొదటి నిమిషం విని పడుకున్నట్టున్నాడు.

ఎడమచెయ్యి
మీ ఆఫీసాయన చెప్పింది నిజం. అది అటక బిందెలు కాదు, కొంచెం ఓపిక పట్టండి.

మూడు భాగాలు. మొదటి 24 బార్లు (మన తాళం ఆవర్తనాల్లాంటివి) లెంటో, అంటే బాగా నెమ్మది. ఎడమ చేతిలో కింద ఒక బేస్ (మంద్ర స్వరం), పైన ఒక కార్డు (కలిపి నొక్కే కొన్ని స్వరాలు), మళ్ళీ బేస్, మళ్ళీ కార్డు. మీరు పచార్లు అన్నది ఆ నడకనే. కుడి చేతి పాట మధ్య మధ్యలో విశ్రాంతులతో తెగిపోతుంది, మాట పెగలనివాడు మాట్లాడినట్టు. తర్వాతి 24 బార్లు ఇంకొంచెం నెమ్మది, సి మేజర్‌లోకి వెళ్తుంది, ప్రార్థన గీతంలా నిండు కార్డులు. ఆ కార్డుల సందుల్లోకి ఆక్టేవ్‌ల (ఒకే స్వరం కిందా పైనా కలిపి నొక్కడం) పరుగు కొద్దికొద్దిగా దూరి చివరికి అంతా ముంచేస్తుంది. మీరు లేచి కూర్చున్నది అక్కడ. 49వ బార్ దగ్గర మొదటి పాట తిరిగొస్తుంది, కానీ 'డోప్పియో మొవిమెంతో', అంటే రెట్టింపు వేగంతో. అదే పాట, కింద మాత్రం ఒక్కో బీటుకి మూడేసి కార్డులు.

ఇది తెలిస్తే 49వ బార్ దగ్గర "అదే పాట వచ్చింది" అని ఒళ్ళు జలదరిస్తుంది. తెలియకపోతే గోల. ఒక్క మాట: ఆ రెట్టింపు మధ్య భాగపు వేగానికి, మొదటి భాగానికి కాదు. నూటికి తొంభై మంది ఇక్కడే తప్పు చేస్తారు.

సంగతులు
నమస్కారం. నేను కర్ణాటక సంగీతం పదకొండేళ్ళు నేర్చుకున్నవాణ్ణి, పియానో సొంతంగా. నా మట్టుకు చెవి చాలు. మా అమ్మకి సరిగమలు రావు, కానీ పాట మళ్ళీ పల్లవికి రాగానే కూరలు తరుగుతూ తల ఊపేది. 49వ బార్ అని లెక్క చెప్తే ఊపేదా?

డోప్పియో మొవిమెంతో గురించి ఇంత హడావిడి ఎందుకో అర్థం కాలేదు. మనవాళ్ళు వర్ణం రెండో కాలంలో పాడరూ? అదే ఇది.

మల్లెపందిరి
కొత్తచెవి గారూ, రాత్రి పాట అంటే జోలపాట అనుకోవడం మీ తప్పు కాదు. పియానోకి ఈ పేరుతో ముక్కలు రాయడం మొదలుపెట్టింది జాన్ ఫీల్డ్. 1782లో డబ్లిన్‌లో పుట్టి, రష్యాలో బతికి, 1837లో మాస్కోలో పోయాడు. ఆయన నాక్టర్న్‌లు నిజంగానే చల్లగా ఉంటాయి. కుడి చెయ్యి పాడుతుంది, కాలితో పెడల్ నొక్కి ఉంచితే ఎడమ చెయ్యి స్వరాలు విరజిమ్ముతుంది, అంతే. షోపాన్ ఆ పద్ధతే తీసుకుని లోపల సామాను మార్చేశాడు. అప్పట్లో బెర్లిన్ విమర్శకుడు రెల్‌స్టాబ్‌కి ఇది నచ్చక, ఫీల్డ్ చిరునవ్వు నవ్వే చోట షోపాన్ మొహం వికారంగా పెడతాడని ఎద్దేవా చేశాడు. అదీ తొలి ఓపస్ 9 నాక్టర్న్‌ల గురించి! 1841లో రాసిన ఈ 48 వింటే ఏమనేవాడో.

నిద్రకైతే ఫీల్డ్‌ని పెట్టుకోండి.

పాసింజర్
చోపినా షోపానా? ముందు అది తేల్చండి.

ఎడమచెయ్యి
సంగతులు గారూ, రెండో కాలంలో తాళం మారదు. చేతి దెబ్బ అదే, అందులో పడే స్వరాలు రెట్టింపు. ఇక్కడ దెబ్బే వేగమవుతుంది. కాగితం మీద పాటలో నోట్ల నిడివి మారలేదు చూడండి. రెండూ ఒకటి ఎలా అవుతాయి?

లెక్క కావాలంటే లెక్క. మొదటి భాగం నిమిషానికి 52 బీట్లు వాయిస్తున్నారనుకోండి. మధ్యలో 44కి తగ్గుతారు. దానికి రెట్టింపు 88. మీరు మొదటి దానికి రెట్టింపు చేస్తే 104. ఆ 16 బీట్ల తేడాలో పాట చచ్చిపోతుంది. కార్డులు నలిగిపోతాయి, పైన పాట వినబడదు. పైగా ఆ భాగం మొదలయ్యేది పియానిస్సిమోలో, బాగా మెల్లగా. 104లో మెల్లగా వాయించి చూపించండి.

సంగతులు
చెవికి ఏం వినబడుతుందో చెప్తున్నా, మీరు కాగితం చూపిస్తున్నారు. ఇందాక పడీపడీ నడిచిన పాట ఇప్పుడు పరిగెడుతోంది. వినేవాడికి అది రెండో కాలమే.

అయినా షోపాన్ ఈ ముక్కకి మెట్రోనోమ్ అంకె, అంటే నిమిషానికి ఇన్ని బీట్లని, ఇచ్చాడా? ఓపస్ 9 నంబర్ 2కి 132 అని రాశాడు, దీనికి రాయలేదు. రాయనివాడికి లేని పట్టింపు మీకెందుకు?

ఎడమచెయ్యి
అంకె లేదంటే ఇష్టారాజ్యం అనా? 'పోకో ప్యూ లెంటో' (ఇంకొంచెం నెమ్మది) తర్వాత 'డోప్పియో' అని ఉంటే దాని ముందున్న దానికే రెట్టింపు. ఇది సంగీతం కూడా కాదు, వాక్యం చదవడం. "జీతం ఐదొందలు తగ్గించారు, తర్వాత రెట్టింపు చేశారు" అంటే ఏ జీతాన్ని?

పాసింజర్
రెట్టింపు చేస్తే ఏ జీతమైనా పర్లేదు సార్.

మల్లెపందిరి
ఎడమచెయ్యి గారూ, మీ పేరు ఎక్కడిదో అర్థమైంది. ఎడమ చెయ్యి కపెల్‌మైస్టర్, అంటే బృందాన్ని నడిపేవాడు, అది ఊగిసలాడకూడదు అని షోపాన్ చెప్పేవాడని ఆయన శిష్యుడు లెంజ్ రాశాడు. కానీ కుడి చేతికి ఆయన ఇచ్చిన స్వేచ్ఛ సంగతేంటి? శిష్యుల్ని ఇటాలియన్ ఒపేరా గాయకుల్ని వినమని తరిమిన మనిషి. పియానోలో సుత్తి తీగని కొట్టగానే శబ్దం తగ్గిపోవడం మొదలవుతుంది, గొంతులా ఊపిరి పోసి పెంచలేం. అలాంటి వాయిద్యంతో పాడించాలంటే కాలాన్ని కొంచెం లాగాలి, కొంచెం వదలాలి. అందుకే సంగతులు గారి మాటలో పస ఉంది, మన గాయకులు తాళం మీద అటూ ఇటూ పడుతూ పాడటం కూడా ఇంతే కదా.

సంగతులు
థాంక్స్ మేడమ్. కానీ సంగతులు అని నిజంగా అనదగ్గది ఆ ఓపస్ 9 నంబర్ 2లోనే ఉంది. ఒకే వరస తిరిగొచ్చిన ప్రతిసారీ కొత్త నగలు పెట్టుకొస్తుంది. శిష్యుల పుస్తకాల్లో షోపానే పెన్సిల్‌తో ఇంకో రకం నగలు రాసిచ్చాడు. రాసినవాడే మార్చుకుంటున్నాడు! "రాసింది రాసినట్టు" అనేవాళ్ళు దీనికి జవాబు చెప్పాలి.

కొత్తచెవి
మీ అందరి దెబ్బకి నిన్న పగలు, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, మూడుసార్లు విన్నా. మేజర్ భాగం మా వీధి చివర చర్చిలో ఆదివారం పొద్దున పాడే పాట నడకలా ఉంది. ఆక్టేవ్‌లు దూరడం ఈసారి ముందే తెలిసింది, మొదట చిన్నగా, ఎవరో తలుపు తట్టినట్టు. కానీ 49 దగ్గర అదే పాట తిరిగొచ్చిందని రెండుసార్లూ పట్టుకోలేకపోయా. మూడోసారి దొరికింది. మా నాన్న పోయిన రాత్రి ఆస్పత్రి కారిడార్ గుర్తొచ్చింది. అలా అనిపించడం తప్పా?

ఎడమచెయ్యి
తప్పని అనను, కానీ అది మీ కారిడార్, షోపాన్‌ది కాదు. లండన్ పబ్లిషర్ వెసెల్ ఇలాగే నాక్టర్న్‌లకి 'సెన్ నది గుసగుసలు' లాంటి పేర్లు తగిలించి అమ్మితే షోపాన్ మండిపడ్డాడు. 1841 నాటి ఉత్తరంలో, నా ముక్కలు అమ్ముడుపోక వాడు నష్టపోతే ఆ చెత్త పేర్ల వల్లే అని రాశాడు. ఆయన పెట్టింది ఒక్క పేరు, నాక్టర్న్. మిగతా కథలన్నీ వినేవాళ్ళ బద్ధకం.

సంగతులు
బద్ధకమా! ఆయన నాన్న గురించి చెప్తుంటే బద్ధకం అంటారా? చదువుకున్నవాళ్ళ అహంకారం ఇదేనండీ.

ఎందుకు మండుతోందో చెప్తా. ముప్పై నాలుగేళ్ళ వయసులో ఒక పియానో క్లాసులో చేరాను, పక్కన ఎనిమిదేళ్ళ పిల్లలు. ఇంట్లో ఉన్నది 61 కీల కీబోర్డు, ఈ ముక్కలో కింది స్వరాలు కొన్ని దాంట్లో లేనే లేవు. అయినా మొదటి పేజీ చెవితోనే పట్టాను, రెండు నెలలు రాత్రుళ్ళు కూర్చుని. ఒకరోజు క్లాసు అయ్యాక మాస్టారికి వాయించి వినిపించా. ఆయన అడిగింది ఒకటే ప్రశ్న: "ఏ ఎడిషన్?" నేను కాగితం చూడలేదన్నా. "అయితే అది షోపాన్ కాదు" అని ముంజేతి మీద రూపాయి బిళ్ళ పెట్టి స్కేళ్ళు వాయించమన్నాడు. బిళ్ళ పడితే మళ్ళీ మొదటి నుంచి. ఆ నెలే మానేశా. మీరు మాట్లాడుతుంటే నాకు ఆ బిళ్ళ పడిన చప్పుడు వినిపిస్తోంది.

ఎడమచెయ్యి
మీ మాస్టారి కోపం నా మీద చూపిస్తే ఎలా? నేను అడిగిన దానికి ఇంతవరకు జవాబు లేదు. రెట్టింపు దేనికి?

సంగతులు
మళ్ళీ అదే! మూడు రోజులుగా ఆ ఒక్క బార్ దగ్గరే కాపలా కాస్తున్నారు. అక్కడేమైనా పారేసుకున్నారా బాబూ?

మోడరేటర్
వ్యక్తిగతంగా వద్దు. ఇద్దరూ టీ తాగి రండి.

పాసింజర్
రెట్టింపు పంచదారతో.

ఎడమచెయ్యి
పారేసుకున్నానండీ. మీరు వెటకారంగా అడిగినా చెప్తా.

మా అమ్మాయి ఎనిమిదేళ్ళు నేర్చుకుంది. ఇంటర్ రెండో సంవత్సరం సెలవుల్లో ఈ ముక్క సాధన చేసింది. సంక్రాంతికి చుట్టాలొస్తే వాయించమన్నాను. మొదటి రెండు భాగాలు నేను విన్న రికార్డింగులకి తీసిపోలేదు, ఆ మాట ఇప్పుడంటున్నా. 49 దగ్గర ఎక్కువ వేగం అందుకుంది. నేను సోఫా చెయ్యి మీద వేలితో బీటు కొడుతున్నా, తనకి కనిపించేలా. చివరి కార్డులు అయ్యాయి, మా చెల్లెలు కళ్ళు తుడుచుకుంటోంది. అందరి ముందు నేనన్న మొదటి మాట: "రెట్టింపు దేనికమ్మా?" తను మూత దించి లోపలికి వెళ్ళింది. రెండేళ్ళయింది. ఇప్పుడు వేరే ఊళ్ళో చదువుతోంది, ఇంటికొచ్చినా పియానో ముట్టుకోదు. దాని మీద ఇప్పుడు పెళ్ళి శుభలేఖలు, నా బీపీ మాత్రలు ఉంటాయి.

నేను చెప్పిన లెక్క మాత్రం తప్పు కాదు.

మల్లెపందిరి
అయ్యో.

సంగతులు
బాబూ అన్నందుకు క్షమించండి. మీ లెక్క ఒప్పే, చెప్పేస్తున్నా. స్కోరు కాగితం తీసి చూశాను, వాక్యం మీరన్నట్టే ఉంది. కానీ మొదటి రోజు నుంచీ నేను ఒప్పుకోనిది వేరే, ఇప్పుడు నాకూ తెలుస్తోంది. మొదటి పేజీ వాయించిన నన్నూ, కారిడార్ గుర్తొచ్చిందన్న ఈయన్నీ, మీ అమ్మాయినీ, ముగ్గురినీ ఎవరో ఒకరు "ఏ ఎడిషన్" అని ఆపారు. తెలిసినవాడికి ఆపే హక్కు ఉందా? మీరు ఉందంటున్నారు.

ఎడమచెయ్యి
ఉందనే అంటా. ఎవరూ ఆపకపోతే ఎవరు ఎలా వాయించినా షోపానే అయిపోతుంది. రెండు రోజులు ఆగి, గదిలోకి పిలిచి చెప్పాల్సింది, అంతవరకు నా తప్పు. షోపాన్ మాత్రం తన శిష్యుల్ని ఊరికే వదిలేవాడా ఏమిటి?

సంగతులు
వదిలేవాడు కాదు, దిద్దేవాడు, సరే. శిష్యురాలి పుస్తకంలో కొత్త నగ రాసిచ్చిన చెయ్యి కూడా అదే. మీరు ఒక పక్కే చెప్తారు.

కొత్తచెవి
పెద్దలు క్షమించాలి, నావల్ల గొడవ పెరిగింది. ఒక సందేహం. మళ్ళీ వింటే చివర్లో ఆ రొద అంతా తగ్గి, రెండు మూడు కార్డులు మెల్లగా పడి ఆగిపోతుంది. నిద్ర పట్టాల్సింది అక్కడ కదా, నాకు అక్కడ అస్సలు పట్టడం లేదు.

మల్లెపందిరి
అందుకే ఫీల్డ్ అన్నాను.

ఎడమచెయ్యి
ఈ చర్చ లింకు మా అమ్మాయికి పంపాను. గంట తర్వాత జవాబొచ్చింది: "ఇంకా 49వ బార్ దగ్గరే ఉన్నావా నాన్నా. దసరాకి వస్తున్నా, ట్యూనర్‌ని పిలిపించు."

పియానో ట్యూన్ చేసేవాళ్ళు హైదరాబాదులో ఎవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి. కింది ఆక్టేవ్‌లో రెండు కీలు లేవడం లేదు.

సంగతులు
పెట్టాను, చూసుకోండి. అమ్మాయిని 104లోనే వాయించమనండి.