అప్‌డేట్: రేటింగులన్నీ 5 స్టార్లే, పాత కస్టమర్లు మాత్రం రావట్లేదు – కారణం దొరికింది

మూడు నెలల కిందట ఇక్కడే అడిగాను: కర్నూలులో మాది చిన్న టిఫిన్ సెంటర్, ట్యాబ్‌లో అందరూ 5 స్టార్లే కొడుతున్నారు, రోజూ వచ్చేవాళ్లేమో తగ్గిపోతున్నారు, ఎందుకని. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పనిచేసింది ఎన్‌పీఎస్ (నెట్ ప్రమోటర్ స్కోర్: 9, 10 ఇచ్చినవాళ్ల శాతంలోంచి 6, అంతకన్నా తక్కువ ఇచ్చినవాళ్ల శాతం తీసేస్తే వచ్చే స్కోరు). పార్సిల్ ఆర్డర్లు ఫోన్లోనే వస్తాయి కాబట్టి నంబర్లున్నాయి. సాయంత్రాలు ఫోన్ చేసి "మా హోటల్‌కు పొమ్మని మీవాళ్లకు చెప్తారా, 0 నుంచి 10లో ఎంత?" అని అడిగాను. 40 మందిలో 9, 10 ఇచ్చింది 14 మంది. 6, అంతకన్నా తక్కువ 16 మంది. అంటే 35 శాతంలోంచి 40 శాతం తీసేస్తే స్కోరు మైనస్ 5! (7, 8 ఇచ్చినవాళ్లను కలపకూడదు, తీయకూడదు.)

అసలు సంగతి బయటపడింది "ఎందుకు?" అన్న రెండో ప్రశ్నతో. ఒక పెద్దాయన "ఉగ్గాని బాగుంది నాయనా, బజ్జీలే ఇంటికి పోయేసరికి తడిగుడ్డల్లా ఉంటున్నాయి" అన్నాడు. వేడివేడివి ప్లాస్టిక్ కవర్లో వేసి ముడేసేవాళ్లం, ఆవిరికి మెత్తబడేవి. ఇప్పుడు పేపర్ కవర్లో విడిగా ఇస్తున్నాం. పోయిన నెల స్కోరు 20 దాటింది.

ఎదురుగా పెట్టిన కొత్త హోటలూ, మా ధరలూ కారణం కాదు. ట్యాబ్ తీసేశాను. సర్వర్ పక్కనే నిలబడి చూస్తుంటే ఎవరు మాత్రం తక్కువ కొడతారు!