శాఖా గ్రంథాలయం: చలికాలంలో ఉన్న ఒక్క హాలు పిల్లల కథలకా, పోటీ పరీక్షల చదువుకా?

నాగావళి

శ్రీకాకుళం జిల్లాలో ఒక మండల కేంద్రం శాఖా గ్రంథాలయం సంగతి ఇది. ఊరి పేరు చెప్పడం లేదు, ఇలాంటి శాఖలు జిల్లాలో చాలా ఉన్నాయి. ఉన్నది ఒకటే హాలు, 30 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు. మూడు పొడవాటి టేబుళ్ళు, 24 కుర్చీలు, గోడల వెంట ఇనప బీరువాలు, ముందు తూర్పు వైపు ఆరడుగుల వరండా. వేళలు పొద్దున్న 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 7. వారం సెలవు శుక్రవారం. చూసుకునే మనిషి ఒక్కరే.

నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరిగాయి. పుస్తక ప్రదర్శన, వ్యాసరచన, బొమ్మల పోటీ పెడితే రోజూ ముప్పై నలభైమంది పిల్లలు వచ్చారు. 21 నుంచి ఒక్కరూ లేరు. సంక్రాంతి సెలవుల దాకా రోజూ సాయంత్రం 4.30 నుంచి 5.30 వరకు కథల గంట నడపాలని కొందరు తల్లిదండ్రులు, ఇద్దరు టీచర్లు అడుగుతున్నారు. సరిగ్గా ఆ వేళకే పోటీ పరీక్షలకు చదివేవాళ్ళు పద్దెనిమిది, ఇరవైమంది హాల్లో ఉంటారు. వాళ్ళు ససేమిరా అంటున్నారు. ఎవరి మాట న్యాయం?

గ్రూప్స్ అభ్యర్థి

ససేమిరా అనడానికి పిల్లల మీద కోపం కారణం కాదండీ. లెక్క చూడండి. గ్రూప్-2 ప్రిలిమ్స్ అంటే 150 ప్రశ్నలు, 150 నిమిషాలు. ఒక మాదిరి పరీక్ష రాసుకోవాలంటే రెండున్నర గంటలు ఏకబిగిన కావాలి. సాయంత్రం ఉన్నదే మూడు గంటలు. అందులో 4.30 నుంచి 5.30 తీసేస్తే ముందు అరగంట, వెనక గంటన్నర మిగులుతాయి. రెండూ మాదిరి పరీక్షకు పనికిరావు. మీకు గంటే పోయినట్టు కనిపిస్తుంది, నిజానికి ఆ పూటంతా పోతుంది.

పొద్దున్న రావచ్చు కదా అంటారు. కానిస్టేబుల్‌కీ, ఆర్మీకీ తయారయ్యేవాళ్ళు 5 గంటలకే గ్రౌండుకు పోతారు, పరుగు ముగించుకుని వచ్చేసరికి హాలు పేపర్లు చదివే పెద్దవాళ్ళతో నిండి ఉంటుంది. ఇంట్లో చదువుకోమంటే, కోతలయ్యాక ఈ రెండు నెలలూ నడవలో ధాన్యం బస్తాలే ఉంటాయి. డబ్బు కట్టి కూర్చునే స్టడీ హాళ్ళు శ్రీకాకుళంలో ఉన్నాయి, రోజూ బస్సు చార్జీలు ఎవరిస్తారు? పిల్లలకు బడి ఉంది, రచ్చబండ ఉంది, గుడి మండపం ఉంది. మాకు ఈ ఒక్క హాలే.

ఒకటో తరగతి టీచరమ్మ

పిల్లలకు బడి ఉంది, నిజమే బాబూ. బడిలో పాఠ్యపుస్తకం ఉంది. తనకు నచ్చిన పుస్తకం తనే ఏరుకుని ఇంటికి పట్టుకెళ్ళే చోటు గ్రంథాలయం ఒక్కటే. వలస ఊళ్ళ సంగతి మీకు తెలియనిది కాదు. తల్లీతండ్రీ హైదరాబాదులోనో, విజయవాడలోనో భవనం పనిలో ఉంటారు, పిల్లలు అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో పెరుగుతారు. ఆ ఇళ్ళలో చదివి వినిపించే గొంతు ఉండదు. మూడో తరగతికి వచ్చినా అక్షరాలు కూడబలుక్కునే పిల్లలకు ముందు కావలసింది, వాక్యం ఎలా పలుకుతుందో చెవిన పడడం.

ఇప్పుడే ఎందుకంటే, జూన్ నుంచి వానలు, మార్చి నుంచి పరీక్షలు, ఆ వెనకే ఎండలు. నవంబరు నుంచి జనవరి మధ్య దాకానే పిల్లలకు తీరిక, పెద్దలకూ కొంత ఓపిక.

నలభైమందితో కథల గంట జరగదు, ఇరవై దాటకూడదు. చదివే పుస్తకంలో బొమ్మ వెనక వరసకు కనిపించాలి, అంతకంటే దూరం కూర్చున్నవాళ్ళే గోల మొదలుపెడతారు. పన్నెండు నిమిషాలకు మించి చదివితే చిన్నవాళ్ళు కదులుతారు. ఆ తరవాత ఇద్దరిద్దరికి ఒక పుస్తకం ఇచ్చి పదిహేను నిమిషాలు వాళ్ళనే చదవనివ్వాలి, తప్పు పలికితే దిద్దకూడదు. చివరి పదిహేను నిమిషాలు పుస్తకాలు ఇంటికి రాసివ్వడానికి. ఈ చివరిది లేకపోతే మిగతాదంతా వారోత్సవాల వేడుకలాంటిదే, వారం తరవాత గుర్తుండదు.

పాత లైబ్రేరియన్

ఇద్దరూ ఒక మాట వదిలేశారు: పొద్దు. డిసెంబరు మొదట్లో శ్రీకాకుళంలో సుమారు 5.15కే సూర్యాస్తమయం. 5.30కి కథ ముగిస్తే ఎనిమిదేళ్ళ పిల్ల ఇల్లు చేరేసరికి చీకటి. పది రోజులు తల్లులు వచ్చి తీసుకెళ్తారు, పదకొండో రోజు నుంచి పంపడం మానేస్తారు. ఆడపిల్లలే ముందు మానేస్తారు. పోనీ 4 గంటలకే మొదలుపెడదామంటే బడి నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఏదో తిని రావాలి. మామూలు రోజుల్లో సాయంత్రం పిల్లలకు కుదిరే వేళే కాదు. కాబట్టి అభ్యర్థులు అడ్డం పడకపోయినా ఆ ప్రతిపాదన నిలవదు.

ఆదివారం మన గ్రంథాలయాలు తెరిచే ఉంటాయి. పొద్దున్న 9 నుంచి 10 పెట్టండి. వారానికి ఒక్కసారే పెట్టండి, రోజూ అని మొదలుపెడితే నడిపే టీచరే ముందు అలిసిపోతారు. నవంబరు చివరి నుంచి సంక్రాంతి దాకా ఆరేడు ఆదివారాలు వస్తాయి. ఆరుసార్లు తప్పకుండా జరిగినది, ఇరవైసార్లు అనుకుని నాలుగుసార్లు జరిగినదానికంటే ఎంతో మేలు.

ఇంకో సంగతి. ఇంటి పన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా వసూలవుతోంది, 1960 గ్రంథాలయాల చట్టం కింద. అది పిల్ల ఉన్న ఇల్లూ కడుతుంది, నిరుద్యోగి ఉన్న ఇల్లూ కడుతుంది. ఈ హాలు మాదంటే మాదని ఏ ఒక్కరూ అనడానికి లేదు.

గ్రూప్స్ అభ్యర్థి

ఆదివారం పొద్దున్న అంటే నాకు సగం ఒప్పుదలే మాస్టారూ. కోచింగ్ తీసుకునేవాళ్ళకు ఆన్‌లైన్ టెస్టులు ఎక్కువగా ఆదివారమే ఉంటాయి. హాల్లో వద్దు, వరండాలో పెట్టండి. కానీ ఇరవైమంది పిల్లలు గొంతెత్తి చదివితే కిటికీల్లోంచి అంతా లోపలికే వస్తుంది. బీరువాలు అడ్డం జరుపుతామని ఎవరో అన్నారు. బీరువా ఆరున్నర అడుగులు, కప్పు పదకొండు అడుగులు. శబ్దం పైనుంచి దూకుతుంది.

వైరింగ్ పనివాడు

వరండా వైపు కిటికీలు మూసేయండి. ఇది చలికాలంలో మాత్రమే సాధ్యం. ఎండాకాలం మూస్తే హాలు కుంపటి అవుతుంది, ఇప్పుడు ఫ్యానే అక్కర్లేదు. చెక్క రెక్కల మధ్య సందుల్లో స్పాంజి పట్టీ అంటిస్తే ఇంకా తగ్గుతుంది. మాట వినిపిస్తుంది, ఏమంటున్నారో తెలియదు. ధ్యాస ఎక్కువగా చెదిరేది మాట అర్థమైనప్పుడే కదా.

కిటికీలు మూస్తే వెలుతురు తగ్గుతుంది. ట్యూబులు గోడకు బిగించి ఉంటే చదివేవాడి తల నీడ పుస్తకం మీదే పడుతుంది. టేబులు పొడవునా, సరిగ్గా నడిమధ్యన, టేబులు నుంచి అయిదడుగుల ఎత్తులో రెండేసి 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబులు గొలుసుతో దించాలి. మూడు టేబుళ్ళకు ఆరు ట్యూబులు, 120 వాట్లు.

దీని మీదే ఇంకో లెక్క. చదివేవాళ్ళ కోసం హాలు రాత్రి 9 దాకా తెరవమంటే కరెంటు బిల్లు అంటారు. ఆరు ట్యూబులు రెండు గంటలు వెలిగితే 0.24 యూనిట్లు. నెలకు ఏడు యూనిట్ల పైచిలుకు. ఎండాకాలంలో 75 వాట్ల ఫ్యాన్లు నాలుగు, ఆరు గంటలు తిరిగితే ఒక్క రోజుకే 1.8 యూనిట్లు. చలికాలంలో పొడిగింపుకు బిల్లు అడ్డం కానే కాదు.

పాత లైబ్రేరియన్

బిల్లు ఎప్పుడూ అడ్డం కాదు, తాళం చెవి అడ్డం. యాక్సెషన్ రిజిస్టరులో, అంటే గ్రంథాలయానికి వచ్చిన పుస్తకాల పద్దులో, ఎక్కిన ప్రతి పుస్తకానికీ జవాబుదారీ ఆ ఒక్క మనిషిదే. స్టాకు సరిచూసినప్పుడు తక్కువైతే అడిగేది ఆయన్నే. అందుకే 7 తరవాత తాళం ఇంకొకరి చేతికి ఇవ్వడానికి ఏ లైబ్రేరియనూ ముందుకు రాడు. దీన్ని పిరికితనం అనకండి.

దారి ఉంది. 7 గంటలకు బీరువాలన్నీ మూసి తాళాలు వేయాలి. ఆ తరవాత హాల్లో ఉండేవి కుర్చీలు, బల్లలు, పేపర్లు, చదివేవాళ్ళ సొంత పుస్తకాలు. పరీక్షల పుస్తకాలు అప్పటికి బయట ఉంటే ఇష్యూ రిజిస్టరులో పేరు రాసి ఉండాలి. తాళానికి ఇద్దరు అభ్యర్థులు బాధ్యులుగా సంతకం చేసి కాగితం ఇవ్వాలి, దాన్ని జతచేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు అనుమతి కోసం రాయాలి. నోటి మాట మీద నడిపితే మొదటి కుర్చీ విరిగిన రోజే ఆగిపోతుంది. వీధి దీపం వెలగని సందులో ఉన్న శాఖ అయితే ముందు పంచాయతీ చేత దీపం వేయించండి, లేకపోతే పొడిగించిన రెండు గంటలూ మగపిల్లలకే దక్కుతాయి.

ఉద్దానం

ఈ చర్చంతా చదివాను. చదువురాని పిల్లలు, ఉద్యోగం రాని యువకులు, ఊళ్ళో ఇంకెవరూ లేరా? పని ముగించుకున్న ఆడవాళ్ళకు మధ్యాహ్నం 2 నుంచి 4 దాకా తీరిక. గ్రంథాలయానికి అప్పుడు తాళం. వేళలు మార్చలేకపోతే పుస్తకాలే కదలాలి. ఒక ట్రంకు పెట్టెలో నలభై పుస్తకాలు సర్ది డ్వాక్రా సంఘం సమావేశానికి పంపండి, నెలకోసారి మార్చండి. ఇచ్ఛాపురం, కవిటి వైపైతే అందులో పదైనా ఒడియా పుస్తకాలు ఉండాలి.

కార్యక్రమాలకు సందర్భాలు వెతుక్కోవడం కూడా చూస్తున్నాను. ఏ సందర్భమూ బయట నుంచి తేనక్కర్లేదు. నవంబరు 9 కాళీపట్నం రామారావు గారి పుట్టినరోజు, నవంబరు 30 గురజాడ వర్ధంతి, జనవరి 17 కథకుడు చాసో పుట్టినరోజు, జనవరి 22 గిడుగు రామమూర్తి వర్ధంతి. అన్నీ ఈ చలి నెలల్లోనే. కథల కోసం 1997లో ఆ రామారావు గారే, మన కారా మాస్టారు, కథానిలయం అని ఒక నిలయమే కట్టిన జిల్లా మనది. ఫ్లెక్సీకీ శాలువాలకూ పెట్టే డబ్బుతో పది పుస్తకాలైనా వస్తాయి. ఆ రోజుల్లో అభ్యర్థులు తలో పావుగంట గురజాడ మీదో గిడుగు మీదో పిల్లలకు చెప్పవచ్చు, వాళ్ళ సిలబస్సే కదా.

గ్రూప్స్ అభ్యర్థి

పెట్టె ఆలోచన చాలా బాగుంది. చివరి మాటే నాకు నచ్చలేదు. హాల్లో కూర్చున్నందుకు మేం పని చేసి పెట్టాలా? పేపరు చదివే పెద్దాయన్ని ఎవరూ అలా అడగరు. ఇష్టమున్నవాళ్ళు వస్తారు, దాన్ని షరతు చేయకండి. ఇంకో సందేహం: ఇంటికిచ్చిన పిల్లల పుస్తకాలు పోతే ఎవరు కట్టాలి?

ఒకటో తరగతి టీచరమ్మ

షరతు వద్దు, మీరన్నదే సబబు.

పోయే పుస్తకాల భయానికి మందు ఉంది. ఇంటికిచ్చేవి మొదట మనం కుట్టిన పుస్తకాలే ఇద్దాం. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు ఉచితంగా దించుకుని ప్రింటు తీసుకోవచ్చు. 16 పేజీల కథకు ఏ4 కాగితాలు నాలుగు చాలు, రెండు వైపులా ప్రింటు చేసి మధ్యకు మడవాలి. ప్రింటు ఇచ్చేటప్పుడు బుక్‌లెట్ అని ఎంచుకోవాలి, లేకపోతే పేజీల వరస తారుమారవుతుంది. రంగుల ప్రింటుకు డబ్బు లేకపోతే నలుపు తెలుపే తీయండి, బొమ్మలకు రంగులు పిల్లలు వేసుకుంటారు.

అందరూ చెడగొట్టేది పిన్నుల దగ్గర. మామూలు స్టేప్లరు మడత దాకా అందదు, అంచుకు కొడితే పుస్తకం తెరుచుకోదు. స్టేప్లరు నోరు పూర్తిగా తెరిచి, కాగితాల కింద థర్మాకోల్ ముక్క పెట్టి, మడత గీత మీద పిన్ను దించాలి. కాగితం తిప్పి రెండు కాళ్ళనూ చెంచా వీపుతో లోపలికి వంచాలి. కాళ్ళు పైకి ఉంటే చిన్న వేళ్ళకు గుచ్చుకుంటాయి. చలికాలపు మంచుకి పిన్ను తుప్పు పట్టి కాగితం ఎర్రబడుతుంది కూడా, అందుకని లావుపాటి దారంతో మూడు కన్నాల కుట్టు వేస్తే మరీ మంచిది. నడిమి కన్నంలోంచి మొదలుపెట్టి, పైకి పోయి, కిందికి వచ్చి, మళ్ళీ నడుమే ముడి.

పాత లైబ్రేరియన్

ఈ పుస్తకాలు యాక్సెషన్ రిజిస్టరులో ఎక్కవు, కాబట్టి పోయినా ఎవరి జీతం మీదా పడదు. విడిగా ఒక నోటుబుక్కులో రాసుకోండి చాలు. రెండు నెలలు నిలబడిన పిల్లలకు అప్పుడు బీరువాలోవి ఇద్దాం.

నాగావళి

అయితే ఈ ఆదివారం 9 గంటలకు వరండాలో మొదలుపెడుతున్నాం, ఇరవైమందికి. తూర్పు ఎండ అప్పటికి నేల మీదికి వచ్చి ఉంటుంది కాబట్టి చాపలు చాలు. కిటికీలు 9 కి పది నిమిషాల ముందే మూస్తాం. సాయంత్రాలు పూర్తిగా చదివేవాళ్ళవే. 9 గంటల దాకా పొడిగింపుకు కాగితం రాస్తున్నాం, సంతకాలకు ఇద్దరు కావాలి.

గ్రూప్స్ అభ్యర్థి

నా సంతకం ఒకటి రాసుకోండి. సంక్రాంతి ముందు ఆదివారం మాత్రం వరండాలో ముగ్గుల పోటీ అని మైకు పెట్టకండి.

ఒకటో తరగతి టీచరమ్మ

మైకు ఉండదు బాబూ. మాస్టారూ, ఒక్క మాట. రాత్రి వాకిట్లో మర్చిపోయి మంచుకు తడిసిన పుస్తకం తెస్తే ఏం చేయాలి?

పాత లైబ్రేరియన్

తిట్టకండి, తిడితే మరుసటి వారం పుస్తకమూ రాదు, పిల్లా రాదు. ఎండలో పెట్టకండి, అట్ట వంకర పోతుంది. నిలబెట్టి, పేజీలు విసనకర్రలా విప్పి నీడలో గాలికి ఉంచండి. బాగా తడిసి ఉంటే పది పేజీలకొకటి తెల్ల కాగితం దూర్చి రెండు గంటలకోసారి మార్చండి. న్యూస్‌పేపరు వద్దు, సిరా అంటుతుంది. ముప్పాతిక ఆరాక మూసి, పైన నాలుగు బరువైన నిఘంటువులు పెట్టి రెండు రోజులు వదిలేయండి.