అప్‌డేట్: షేర్వానీ కాలర్ నిలబడింది!

నిజాం కాలం నాటి తీరులో షేర్వానీ కుడుతున్నా, ఫ్యూజింగ్ (ఇస్త్రీ వేడికి అంటుకునే గట్టి లోపలి బట్ట) అంటించకుండా నిలువు కాలర్ ఎట్లా నిలబెట్టాలి అని ఇంతకుముందు పోస్టులో అడిగాను కదా. మహబూబ్‌నగర్‌లో ఒక పెద్ద మాస్టర్ గారు దగ్గర కూర్చోబెట్టి చూపించారు. కాలర్ లోపల పెట్టే గట్టి బట్ట, అంటే కాటన్ కాన్వాస్‌ని ముందే నీళ్లలో నానబెట్టి ఆరబెట్టాలంట, లేకపోతే తర్వాత అది కుంచించుకుపోయి పై బట్ట ఉబ్బుతుంది. ఆ తర్వాత కాన్వాస్‌నీ బట్టనీ కలిపి వేళ్ల మీద వంచి పట్టుకుని, ఆ వంపు వదలకుండా చిన్న చిన్న ఏటవాలు కుట్లు వరసగా వేస్తూ పోవాలి, సూది బట్టలో ఒకటి రెండు పోగులనే పట్టాలి. తడిబట్ట వేసి ఇస్త్రీ చేస్తే కాలర్ మెడ చుట్టూ తనంతట తానే తిరిగింది, మెషీన్ కుట్టుతో ఇంత అందం రాదు. ఇక చేత్తో కుట్టే గుండీ కాజాలు మిగిలాయి. వాటికి వాడే పట్టు దారానికి మైనం రుద్దమన్నవాళ్లకి చాలా థ్యాంక్స్, దారం అస్సలు చిక్కుపడట్లేదు.