స్టేషన్ దగ్గర పడుకునే పిల్లాడి సంగతి ఎవరికి చెప్పాలి?

బెజవాడ స్టేషన్ బయట మాది టీ కొట్టు. పదమూడేళ్ళ పిల్లాడొకడు రాత్రిళ్ళు మా బల్ల కిందే పడుకుంటున్నాడు. నాన్న తాగొచ్చి కొడతాడట. పోలీసులంటే హడలు. ఏం చెయ్యను?

జవాబు: పిల్లల హెల్ప్‌లైన్ 1098కి కొట్టండి అన్నా, అర్ధరాత్రైనా సరే, డబ్బులు పడవు. పిల్లాణ్ణి 24 గంటల్లోపు బాలల సంక్షేమ కమిటీ ముందుకు తీసుకెళ్ళాలి. వాడి మాట వినకుండా, ఇల్లెలా ఉందో చూడకుండా కమిటీ వాణ్ణి వెనక్కి పంపకూడదు.

జవాబు: గ్లాసులు మాత్రం కడిగించకండి. 14 నిండలేదు, కేసు మీ మీదే.

టీ కొట్టు: అన్నమే పెడుతున్నా, పని చెప్పట్లేదు లెండి. వాళ్ళమ్మ పాచిపని చేస్తుందట. ఆవిడకేమైనా సాయం?

జవాబు: కేంద్రం వాళ్ళ పిల్లల పథకం మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్, అంటే పిల్లాడి పోషణకు సాయం, నెలకు రూ.4,000. పట్నంలో ఏడాది ఆదాయం 96,000 దాటకూడదు. జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌లో అడగండి. వెంటనే చేతికొస్తుందని మాత్రం ఆవిడకి చెప్పకండి.