పది లక్షల శాంపిళ్లలో మూడే హిట్లు: గ్రిడ్ విశ్వసనీయత లెక్కలో ఏ అంకెను నమ్మాలి?

ప్రశ్న

నమస్కారం. ఎం.టెక్ ప్రాజెక్టు కోసం 24 బస్సుల (లైన్లూ జనరేటర్లూ కలిసే కూడళ్ల) ఐఈఈఈ టెస్ట్ సిస్టమ్ అనే నమూనా విద్యుత్ గ్రిడ్ మీద పని చేస్తున్నాను. అందులో 32 జనరేటర్లు, 3405 మెగావాట్ల స్థాపిత సామర్థ్యం, 2850 మెగావాట్ల గరిష్ఠ లోడ్, లైన్లూ ట్రాన్స్‌ఫార్మర్లూ కలిపి 38 శాఖలు ఉన్నాయి. ఏడాదిలో ఏదైనా ఒక గంటను తీసుకుంటే, ఆ గంటలో 800 మెగావాట్లకు మించి లోడ్ (వినియోగదారులకు సరఫరా) కోయవలసి వచ్చే సంభావ్యత ఎంతో తేల్చాలి. మామూలు మాంటే కార్లోలో, అంటే ఏ భాగాలు ఆగాయో యాదృచ్ఛికంగా ఎంచి చూసే పద్ధతిలో, పది లక్షల శాంపిళ్లు తీస్తే ఆ పరిస్థితి (హిట్) మూడుసార్లే కనిపించింది. సీడ్ (యాదృచ్ఛిక అంకెల ఆరంభ విలువ) మార్చి నడిపితే ఏడుసార్లు వచ్చింది. ఆ తరువాత ఇంపార్టెన్స్ శాంపిలింగ్ (అరుదైన ఘటనలను కావాలనే తరచుగా రప్పించే పద్ధతి) ప్రయత్నించి, ప్రతి శాఖకూ ఔటేజ్ (ఆగిపోయే) సంభావ్యతను 0.001 నుంచి 0.05కు పెంచి, ఆ పెంపును వెయిట్లతో (అసలు సంభావ్యతకూ పెంచినదానికీ నిష్పత్తితో) సరిచేశాను. 20,000 శాంపిళ్లకే అంచనా కదలకుండా నిలబడింది, కానీ అది మొదటి అంచనాలో పదో వంతు కూడా లేదు. ఈ రెండింటిలో దేనిని నమ్మాలి?

మొదటి జవాబు

ముందుగా మీ మొదటి పద్ధతి సంగతి. అరుదైన ఘటనల విషయంలో సాపేక్ష దోషం దాదాపుగా హిట్ల సంఖ్య వర్గమూలానికి విలోమంగా ఉంటుంది కనుక, మూడు హిట్లకు అది 58 శాతం, ఏడింటికి 38 శాతం. కాబట్టి మూడుకూ ఏడుకూ మధ్య నిజానికి వైరుధ్యం ఏమీ లేదు. దోషాన్ని పది శాతానికి దించాలంటే సుమారు వంద హిట్లు కావాలి, అంటే మీ లెక్క ప్రకారం రెండు కోట్ల శాంపిళ్లు. ఒక్కో డీసీ లోడ్ ఫ్లోకు (లైన్లలో విద్యుత్ ప్రవాహాల సరళమైన లెక్కకు) 5 మిల్లీసెకన్లు పట్టినా అది 28 గంటల పనే. ఒకసారి ఓపిక పట్టి నడపండి. మిగతా పద్ధతులను సరిచూసుకోవడానికి ఒక గీటురాయి దొరుకుతుంది. ఒక్కో శాంపిల్‌కు నిమిషాలు తీసుకునే డైనమిక్ సిమ్యులేషన్ అయితే ఈ సలహా ఇచ్చేవాణ్ణి కాదు.

రెండవ జవాబు

అంచనా కదలకపోవడాన్ని చూసి మోసపోకండి. ఈ సిస్టమ్‌లో ట్రాన్స్‌మిషన్ చాలా బలమైనది; కొరత ప్రధానంగా జనరేటర్ల వల్లే వస్తుంది. 400 మెగావాట్ల జనరేటర్ యూనిట్లు రెండూ ఒక్కొక్కటి 0.12 సంభావ్యతతో, 350 మెగావాట్ల బొగ్గు యూనిట్ 0.08తో ఆగిపోతాయి. మీరు లైన్ల సంభావ్యతలను మాత్రమే పైకి నెట్టారు, జనరేటర్లను ఉన్నచోటే వదిలేశారు. లైన్లు తెగి లోడ్ పోయిన సందర్భాలే మీకు దొరికాయి, ఒక్కో తెగిన లైనుకు వెయిట్ 0.02తో గుణించబడుతుంది కనుక అవన్నీ అతి చిన్న అంకెలు. అదే లైన్లన్నీ బాగుండి యూనిట్లు ఆగిపోయిన శాంపిల్‌కు వెయిట్ సుమారు 6.8. అటువంటి హిట్ ఒక్కటి పడి ఉంటే మీ అంచనా ఒక్కసారిగా వందల రెట్లు ఎగిరేది. అది పడలేదు కనుకనే మీకు అంతా స్థిరంగా కనిపించింది.

ఏ భాగాన్ని ఎంత నెట్టాలో మనం ఊహించి చెప్పడం కన్నా, క్రాస్ ఎంట్రపీ పద్ధతితో సిస్టమ్‌నే చెప్పనివ్వడం మేలు. కొన్ని వేల శాంపిళ్లు తీసి, ఎక్కువ లోడ్ పోయిన పది శాతాన్ని వేరుచేసి, వాటిలో ఏ యూనిట్ ఎంత తరచుగా ఆగిందో వెయిట్లతో లెక్కించి, ఆ అంకెలనే కొత్త సంభావ్యతలుగా పెట్టండి. ఆ పది శాతంలో పోయిన లోడ్ కనీస హద్దు 800 మెగావాట్లకు చేరేదాకా ఈ వరుసను కొనసాగించండి.

మూడవ జవాబు

పై మాటలతో ఏకీభవిస్తూనే ఒక విషయం చేర్చాలి: నమూనాలో లేని ఘటనను ఏ శాంపిలింగూ కనిపెట్టలేదు. 2012 జూలై 30 తెల్లవారుజామున 2.33 గంటలకు ఉత్తర గ్రిడ్ కూలినప్పుడు, 400 కేవీ బీనా–గ్వాలియర్ లైన్ మీద ఫాల్ట్ (షార్ట్ సర్క్యూట్ వంటి లోపం) ఏదీ లేదు. సమాంతర సర్క్యూట్‌ను పనుల కోసం ఆపి ఉంచడంతో మిగిలినదాని మీద లోడ్ పెరిగి, జోన్ 3 రిలే (దూరపు ఫాల్ట్‌లను కనిపెట్టే రక్షణ పరికరం) దానినే దూరపు ఫాల్ట్‌గా భావించి లైన్‌ను ట్రిప్ చేసింది. మరునాడు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ కూలాయి. అప్పటికి మన దక్షిణ గ్రిడ్ వాటితో సింక్రనస్‌గా (ఒకే ఫ్రీక్వెన్సీతో నడిచేలా) కలవలేదు కనుక నిలబడింది. ఆ కలయిక రాయచూర్–సోలాపూర్ లైన్‌తో 2013 డిసెంబర్ 31న జరిగింది. లైన్ల ఔటేజ్‌లను స్వతంత్రమని భావించి 0.001ని 0.001తో గుణిస్తే పది లక్షలకు ఒకటి వస్తుంది; 2014 అక్టోబర్‌లో విశాఖను హుద్‌హుద్ తుఫాను తాకినప్పుడు టవర్లు అలా ఒకదానితో మరొకటికి సంబంధం లేకుండా పడిపోలేదు.

ప్రశ్న అడిగినవారి స్పందన

ముగ్గురికీ ధన్యవాదాలు. రెండు కోట్ల శాంపిళ్లు నడిపాను. 86 హిట్లు వచ్చాయి, అంటే పది లక్షలకు 4.3. క్రాస్ ఎంట్రపీతో జనరేటర్లను కూడా కలిపి చేస్తే 20,000 శాంపిళ్లకే దాదాపు అదే అంకె వచ్చింది. హిట్లను ఒక్కొక్కటిగా తెరిచి చూశాను: అత్యధికం 400 మెగావాట్ల యూనిట్లు రెండూ ఆగిన గంటలే, లైన్ తెగినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఒకే టవర్ల మీద వెళ్లే సర్క్యూట్ల జాబితా ఈ టెస్ట్ సిస్టమ్ డేటాలోనే ఉందని ఇప్పుడే గమనించాను. వాటిని జంటగా పడిపోయేలా మార్చి, రెండు కోట్లనూ ఈ రాత్రి మళ్లీ మొదలుపెడుతున్నాను.