తమ్ముడి ఓడ యుద్ధం నడుస్తున్న రేవుకి వెళ్తుందట, రానని చెప్పే హక్కు వాడికి ఉందా?

ఉద్దానం అమ్మాయి అడిగిన ప్రశ్న

మాది కవిటి దగ్గర పల్లె. తమ్ముడు బల్క్ క్యారియర్‌లో (ధాన్యం, బొగ్గులాంటి సరుకు మోసే ఓడ) ఓఎస్‌గా, అంటే డెక్ మీద కింది మెట్టు నావికుడిగా, చేస్తున్నాడు, ఇది వాడి రెండో కాంట్రాక్టు. ఇప్పుడు వాళ్ల ఓడ రొమేనియాలో కాన్‌స్టాంట్సా బయట లంగరేసి ఉంది. నిన్న రాత్రి ఫోన్ చేసి, తర్వాత లోడింగ్ యుక్రెయిన్‌లోని చోర్నోమోర్స్క్‌లో అని చెప్పాడు. మొక్కజొన్న ఎక్కించుకోవాలట. కెప్టెన్ అందర్నీ మెస్‌రూమ్‌కి పిలిచి, తలో కాగితం ఇచ్చి, ఇష్టమైతే సంతకం పెట్టండి అన్నాడట. "అందరూ పెట్టేశారప్పా, నేనూ పెట్టేస్తాను" అంటాడు వీడు. అందులో ఏం రాశారురా అంటే ఇంగ్లీషులో రెండు పేజీలుందని, సరిగ్గా చదవలేదని చెప్పాడు. రేపు సాయంత్రం వరకూ ఆగమని బతిమాలాను.

తిత్లీ తుఫానుకి మా కొబ్బరి చెట్లు సగానికి పైగా పడిపోయాయి. వీడి ట్రైనింగ్‌కీ, ఏజెంటుకీ అప్పు చేసి కట్టాం. ఆ అప్పు తీరాలని వాడి తొందర. అమ్మకి ఇంకా చెప్పలేదు.

ఆ రేవుల్ని రష్యా నేవీ అడ్డుకుంటోందని టీవీలో చూశాం. అడ్డుకుంటే మరి ఓడలు ఎలా వెళ్తున్నాయి? వెళ్లేవాళ్లకి ఎవరైనా భరోసా ఇస్తారా? రానంటే బ్లాక్‌లిస్టులో పెడతారు, ఇక జన్మలో ఓడెక్కలేడు అంటున్నాడు ఏజెంటు. అది నిజమేనా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

పలాస కుర్రాడు

అక్కా, వద్దని చెప్పించండి. 2022 మార్చిలో యుక్రెయిన్‌లోని ఓల్వియా రేవులో ఆగి ఉన్న బంగ్లాదేశ్ ఓడ మీద బాంబు పడి ఒక ఇంజినీరు చనిపోయాడు. వాళ్లేమీ యుద్ధం చెయ్యలేదు, లంగరేసుకుని కూర్చున్నారు. అప్పు ఎప్పుడైనా తీర్చుకోవచ్చు.

బారువ సరంగు

అమ్మా, ముందు తమ్ముడికి ఒక మెసేజ్ పెట్టు. ఆ రెండు పేజీలూ ఫోన్‌లో ఫొటో తీసి నీకు పంపమను. చదవకుండా సంతకం పెట్టొద్దు. అలాగని కెప్టెన్‌తో గొడవకీ దిగొద్దు. ఇష్టమైతేనే పెట్టమన్నాడంటే ఆ కెప్టెన్ పద్ధతిగానే నడుచుకుంటున్నాడు.

నేను డెక్ మీద ఖలాసీగా చేరి సరంగుగా, అంటే డెక్ నావికుల పెద్దగా, రిటైరయ్యాను. ఇరాన్, ఇరాక్ కొట్టుకుంటున్న రోజుల్లో, 1987లో, ఇరాన్‌కి చెందిన ఖర్గ్ దీవి నుంచి ముడిచమురు మోసే ట్యాంకర్‌లో ఉన్నాను. ఖర్గ్ చుట్టూ సముద్రంలోకి ఎవరొచ్చినా కొడతామని ఇరాక్ ముందే ప్రకటించింది. అయినా చమురు ఆగలేదు. మేం ఖర్గ్‌లో నింపుకుని, ఇరాన్ ఒడ్డుని అంటిపెట్టుకుని కిందికి పరిగెత్తేవాళ్లం. లారక్ దీవి దగ్గర పెద్ద ట్యాంకర్లు కాచుకుని ఉండేవి, వాటిలోకి పంపు చేసి మళ్లీ వెనక్కి. చీకటి పడితే ఒక్క దీపం ఉండేది కాదు. పోర్ట్‌హోల్స్‌కి లోపలి నుంచి అట్టముక్కలు అంటించి, అంచుల మీద నల్ల టేపు వేసేవాళ్లం. విమానం వదిలే ఎక్సోసెట్ క్షిపణి ఎక్కువగా వెనకభాగానికే తగిలేది. ఇంజిన్‌రూమూ అక్కడే, మేం పడుకునే గదులూ అక్కడే. అందుకని కేబిన్లలో ఎవరూ పడుకునేవాళ్లు కాదు. పరుపులు తెచ్చి నడవాలో వరసగా పరుచుకుని, లైఫ్‌జాకెట్ తలకింద పెట్టుకుని పడుకునేవాళ్లం. ఆ యుద్ధంలో నాలుగొందలకు పైగా ఓడలు దెబ్బతిన్నాయి. పోయిన నావికులూ అంతమంది ఉంటారు.

మా పక్కన నడిచిన ఓడలో మన వైపు కుర్రాడొకడు కాలిపోయాడు. వాడి కాంట్రాక్టులో యుద్ధప్రాంతం అన్న మాటే లేదని వాళ్ల కంపెనీ మామూలు పరిహారం పంపి చేతులు దులుపుకుంది. వాళ్లమ్మ ఆ కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చి, ఇందులో ఏముందో చదివి పెట్టు బాబూ అని అడిగింది. అందుకే కాగితం దగ్గర నేనింత గట్టిగా చెప్తాను.

ఇప్పుడు నల్లసముద్రం సంగతి. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలయ్యాక ఒడెస్సా రేవులు మూతపడ్డాయి. బయట రష్యా నేవీ, లోపల నీళ్లలో పేలే మైన్లు. జులైలో ఇస్తాంబుల్‌లో ఒప్పందం కుదిరింది. ఒడెస్సా, చోర్నోమోర్స్క్, పివ్‌డెన్నీ, ఈ మూడు రేవుల నుంచి ధాన్యం ఓడలు వెళ్లొచ్చు. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ ఇస్తాంబుల్ దగ్గర రష్యా, టర్కీ, యుక్రెయిన్, ఐక్యరాజ్యసమితి మనుషులు కలిసి ఎక్కి తనిఖీ చేస్తారు. ఆగస్టు 1న రజోనీ అనే ఓడ దాదాపు 26 వేల టన్నుల మొక్కజొన్నతో మొదట బయటికొచ్చింది. ఒప్పందం ఏడాది కూడా నిండలేదు. 2023 జులైలో రష్యా తప్పుకుంది. ఇక మీదట యుక్రెయిన్ రేవులకి వెళ్లే ఏ ఓడనైనా సైనిక సరుకు మోసేదిగానే చూస్తామంది.

తనిఖీ పోయింది, హామీ పోయింది. ఆగస్టులో యుక్రెయిన్ తనంతట తానే ఒక దారి గీసింది. ఒడెస్సా నుంచి పడమటి ఒడ్డు వెంటే దిగి రొమేనియా జలాల్లోకి, అక్కడి నుంచి బల్గేరియా, టర్కీ. రొమేనియా, బల్గేరియా, టర్కీ మూడూ నాటో దేశాలు, వాళ్ల జలాల్లో ఓడని కొడితే పెద్ద గొడవవుతుంది. యుక్రెయిన్ క్షిపణులకీ సముద్రపు డ్రోన్లకీ భయపడి రష్యా ఓడలు కూడా ఆ పడమటి వైపుకి రావడం మానుకున్నాయి. ఓడలు వెళ్తున్నాయంటే కారణం అదీ. నీ తమ్ముడి ఓడ కాన్‌స్టాంట్సాలో ఆగింది ఆ దారి మొదట్లోనే.

ప్రమాదం మాత్రం పోలేదు. దారిలో ఉన్నది మైన్ల భయం. 2023 డిసెంబర్‌లో డాన్యూబ్ నది రేవుకి వెళ్తున్న ఒక బల్క్ క్యారియర్ మైన్‌కి తగిలింది. తాడు తెగి కొట్టుకొచ్చే మైన్‌ని రాడార్‌లో నమ్మలేం, కళ్లతోనే చూడాలి. ఆ కళ్లు ఓఎస్‌వీ, వాడి పైమెట్టు నావికుడైన ఏబీవీ. అయితే ముందు కొసన ఫోక్సిల్ మీద నిలబెట్టకూడదు, మైన్ పేలేది ముందు అక్కడే. ఓడ నడిపే గదికి అటూ ఇటూ ఉండే బ్రిడ్జి రెక్కల మీద నిలబెట్టాలి. అక్కడ జీపీఎస్ కూడా అబద్ధాలు చెప్తుంది, ఓడ నీళ్లలో ఉంటే స్క్రీన్ మీద ఎక్కడో విమానాశ్రయంలో చూపిస్తుంది. ఆఫీసర్లు రాడార్ చూసి, ఒడ్డు గుర్తులు చూసి నడపాలి. ఇక అసలు ప్రమాదం నా లెక్కలో రేవులో ఉన్న రోజులు. క్షిపణి నడిచే ఓడ కంటే నిలబడ్డ రేవుని సులువుగా కొడుతుంది. 2023 నవంబర్‌లో ఒడెస్సా ప్రాంతంలో రేవులోకి వస్తున్న ఓడ మీద క్షిపణి పడి పైలట్ చనిపోయాడు. సైరన్ మోగితే లోడింగ్ ఆపుతారా, ఎక్కడ దాక్కోవాలి అన్నది తమ్ముడు చీఫ్ మేట్‌ని (కెప్టెన్ తర్వాతి ఆఫీసరు) ఇప్పుడే అడగాలి.

ఇక హక్కు. ఉంది. ఒప్పుకోని నావికుణ్ణి యుద్ధప్రాంతానికి తీసుకెళ్లకుండా ఇంటికి పంపాలన్నది ఎంఎల్‌సీ (నావికుల హక్కుల అంతర్జాతీయ ఒప్పందం) చెప్పే మాటే, 2015లో మన దేశమూ అందులో చేరింది. ఆ ఓడకి ఐబీఎఫ్ ఒప్పందం (ఓడ యజమానులూ నావికుల యూనియన్లూ కలిసి కుదుర్చుకునేది) ఉండి, వెళ్లే చోటు వాళ్ల యుద్ధప్రాంతాల జాబితాలో ఉంటే ఇంకా గట్టి. రానంటే కంపెనీ ఖర్చుతో ఇంటికి, పైన రెండు నెలల బేసిక్. వెళ్తే అక్కడున్న రోజులకి బేసిక్ రెట్టింపు, కనీసం ఐదు రోజులకి. ప్రాణం పోయినా అంగవైకల్యం వచ్చినా పరిహారం రెట్టింపు. ఏజెంటు చెప్పిన బ్లాక్‌లిస్టు కూడా ఎంఎల్‌సీలో నిషేధమే. ఇంకో మాట. మెడికల్, పాస్‌పోర్టు, సీడీసీ (నావికుడి గుర్తింపు పుస్తకం) ఖర్చులు తప్ప ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర ఏజెంటు డబ్బు తీసుకోకూడదు. మీరు కట్టిన దానికి రసీదు ఉంటే దాచు. భయపెడితే ముంబైలో డీజీ షిప్పింగ్‌కీ (ఓడల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ ఆఫీసు), నూసీ అనే నావికుల యూనియన్‌కీ రాయి. నావికుల్ని ఉద్యోగాల్లో పెట్టడానికి ఇచ్చే ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు ఉన్న ఏజెంటైతే ఆ ఉత్తరానికి భయపడతాడు.

ఉద్దానం అమ్మాయి

బాబాయ్ గారూ, చాలా థాంక్స్. ఫొటోలు పంపాడు. మీరన్నట్టే "యుద్ధప్రాంతం", "రెట్టింపు" మాటలున్నాయి. వాడికి వెళ్లాలనే ఉంది. డబ్బు ఒక్కటే కాదట, "మేం వెళ్లకపోతే ఆ ధాన్యం ఎవరు తెస్తారప్పా" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

కంటోన్మెంట్ మాస్టారు, విజయనగరం

నేను చరిత్ర చెప్పి రిటైరయ్యాను. మీ తమ్ముడి మాట నన్ను కదిలించిందమ్మా, అందుకే రాస్తున్నాను.

రెండో ప్రపంచయుద్ధంలో, 1942లో, మధ్యధరా సముద్రంలో బ్రిటన్ చేతిలో ఉన్న మాల్టా ద్వీపం ఆకలితో లొంగిపోయే స్థితికి వచ్చింది. చుట్టూ ఇటలీ, జర్మనీ విమానాలు, జలాంతర్గాములు. ఆగస్టులో బ్రిటన్ 14 సరుకు ఓడల్ని యుద్ధనౌకల కాపలాతో పంపింది. చేరినవి ఐదే. చివరగా వచ్చింది ఒహాయో అనే ట్యాంకర్. టార్పెడో తగిలి పక్కన పెద్ద కన్నం, డెక్ మీద కూలిన విమానం శకలాలు, ఇంజిన్లు ఆగిపోయాయి. సిబ్బంది రెండుసార్లు దిగిపోయి మళ్లీ ఎక్కారు. రెండు డిస్ట్రాయర్లు చెరోపక్కా కట్టుకుని మునిగిపోకుండా మోసుకొచ్చాయి. ఆగస్టు 15న రేవులోకి వచ్చింది. అది తెచ్చిన ఇంధనంతోనే మాల్టా నిలబడింది. వెళ్లినవాళ్ల వల్లే ఒక ద్వీపం బతికింది, ఇందులో నాకు సందేహం లేదు.

అయితే అదే యుద్ధంలో, 1941 మే వరకూ, బ్రిటిష్ ఓడ మునిగితే నావికుడి జీతం ఆ రోజుతో ఆగిపోయేది. తెప్ప మీద తేలుతున్న రోజులకి జీతం లేదు. ఆ ఓడల్లో నాలుగోవంతు దాకా మన దేశపు లస్కర్లే (నావికులు), తెల్లవాళ్ల కంటే చాలా తక్కువ జీతానికి. 1939లో యుద్ధం మొదలవగానే లండన్ లాంటి రేవుల్లో వాళ్లు ఓడలు కదలనివ్వకుండా సమ్మె చేశారు. చాలామందిని జైల్లో పెట్టారు. అయినా జీతాలు పెంచక తప్పలేదు. ఆ తర్వాత వాళ్లే ఓడలెక్కారు, యుద్ధం ముగిసేసరికి ఆరువేలకు పైగా చనిపోయారు. సరంగు గారు చెప్తున్న రెట్టింపు బేసిక్ వెనక ఇలాంటి పోరాటాలున్నాయి.

మన తీరానికీ ఇది కొత్త కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ రోజుల్లోనే బంగాళాఖాతంలో జపాన్ నౌకాదళం ఇరవై దాకా సరుకు ఓడల్ని ముంచింది. అంతకు ముందు నెలే రంగూన్ జపాన్ చేతికి చిక్కడంతో అక్కడి బియ్యం రావడం ఆగిపోయింది. సముద్రం మీద సరుకు రావడం ఆగితే ఏమవుతుందో మన పెద్దవాళ్లు కంచంలో చూశారు. 2022లో సన్‌ఫ్లవర్ నూనె ధర మండినప్పుడు మనమూ చూశాం, అప్పటిదాకా మనకి వచ్చేదాంట్లో ఎక్కువ భాగం యుక్రెయిన్‌దే.

పలాస కుర్రాడు

మాస్టారూ, మాల్టా వాళ్లకి యుద్ధనౌకల కాపలా ఉంది. ఈ కుర్రాడికి ఎవరున్నారు?

బారువ సరంగు

న్యాయమైన మాట తమ్ముడూ. పక్కన యుద్ధనౌక నడవదు. అందుకే వీడి కాపలా వీడి కాగితంలోనే ఉండాలి.

అమ్మా, వెళ్లడం తప్పని నేను చెప్పను. నేనూ వెళ్లినవాణ్ణే. వాడికి ఇష్టమైతే వెళ్లనీ. సంతకానికి ముందు నాలుగు సంగతులు కెప్టెన్‌కి ఈమెయిల్ పెట్టమను, మాటతో వదలొద్దు. ఓడకి యుద్ధ బీమా ఆ రేవుకి కూడా తీసుకున్నారా? అది మామూలు బీమాలో రాదు, ఓడ విలువలో ఇంత శాతమని ఎక్కువగా ఏడు రోజులకి కడతారు. లోడింగ్ ఆలస్యమై ఏడు రోజులు దాటితే మళ్లీ కడతారా? పరిహారం రెట్టింపన్న మాట వాడి పేరు మీదున్న కాంట్రాక్టులో రాశారా, లేక ఆ రెండు పేజీల్లోనేనా? నామినీగా అమ్మ పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాశారా? ఈ చివరిది చిన్న విషయం అనుకోవద్దు. పేరులో ఒక్క అక్షరం తేడా ఉండి ఏళ్ల తరబడి తిరిగిన కుటుంబాలు మన సోంపేట మండలంలోనే నాకు తెలుసు.

అమ్మకి చెప్పు. దాచొద్దు.

ఉద్దానం అమ్మాయి

చెప్పాను బాబాయ్ గారూ. ఏడ్చింది, తర్వాత వాడితో తనే మాట్లాడింది. ఈమెయిల్ పెట్టాడు, కెప్టెన్ సాయంత్రానికి జవాబిచ్చాడు. ఏడు రోజులు దాటితే బీమా మళ్లీ కడతామన్నారు. నామినీలో అమ్మ ఇంటిపేరు పుట్టింటిది పడింది, మార్చమని కంపెనీకి రాశారు. అది మారిన కాగితం వచ్చాకే సంతకం పెడతానన్నాడు. ఇంకొక్క సందేహం. బేసిక్ రెట్టింపు అంటే ఓవర్‌టైం కూడా కలుపుతారా?

బారువ సరంగు

కలపరు. ఉత్త బేసిక్ మీదే. వాడి వేజ్ అకౌంట్‌లో (నెల జీతం లెక్క కాగితం) మొదటి గడిలో ఉండే అంకె అది, దాన్ని ముప్పైతో భాగించి రోజుకెంతో చూసుకోమను. ఆ డబ్బు నెలాఖరు అకౌంట్‌లో విడిగా చూపించకపోతే అప్పుడే అడగాలి, సైన్ ఆఫ్ (ఓడ దిగే రోజు) వరకూ ఆగొద్దు. మారిన నామినీ కాగితం రాగానే నాకూ ఒకసారి చూపించు.